డబ్బాల రొట్టె

గోధుమకు లోపల బంక ఉంటది, సాగుతది.
జొన్నకు లేదు.
అందుకే మసిలే నీళ్లు పోస్తరు.
గింజ లోపలి గంజి ఉబ్బి, పగిలి
పక్కదాని చెయ్యి పట్టుకుంటది.
ఇంత తెలిసేతందుకు నాకు
రెండేండ్ల ఫెలోషిప్పు పట్టింది.

బండమీదిపల్లి క్యాంపస్, కిటికీ లేని గది,
ముప్పైరెండు కోర్ల మెషిను. ఏసీ దానికే, నాకు కాదు.
పిండిని పూసలు చేసిన.
పన్నెండు వేల పూసలు, నడుమ స్ప్రింగులు.
ఒక్కో పూస కొన్ని వందల అణువులకు పెట్టిన మారుపేరు.
అన్నిటినీ విడివిడిగ లెక్కపెట్టే ఓపిక
ఏ మెషినుకు లేదు, మా గైడుకు అసలే లేదు.
స్ప్రింగు గట్టిగ పెడితే డబ్బాల ఇటుక,
మెత్తగ పెడితే అంబలి.
రొట్టె ఈ రెంటి నడుమ ఎక్కడనో
పేరు లేని అంకె మీద కూసున్నది.

తొమ్మిది రాత్రులు నడిస్తే
డబ్బాల గడిచేది రెప్పపాటుల వెయ్యో వంతు కూడా కాదు.
ఆ లోపల మెట్టుగడ్డ చౌరస్తాల కుర్మమ్మ
ఎన్ని రొట్టెలు కొట్టి ఉంటదో,
తప్ తప్ తప్.
ప్రతి దెబ్బకు పిండి కొంచెం వెనక్కి జరుగుతది,
కొంచెం మరిచిపోతది.
ఆ మరిచిపోవుడుకే నేను సమీకరణం రాస్తున్న.

"నీ రొట్టె ఎందాక వచ్చింది సారూ?" అంటది
రోజూ, రెండు రొట్టెలు పేపర్ల చుట్టుకుంట.
అంచులల్ల పగులుతున్నది అని చెప్పిన.
"పాత జొన్ననా, కొత్త జొన్ననా?"
నా డబ్బాల జొన్నకు వయసు లేదు.
"ఎసరు బుడగొచ్చినంక పోసినవా, రాకముందా?"
మూడు వందల అరవై కెల్విన్ అన్న.
నవ్వింది. "ఉప్పేసినవా?"

ఉప్పు.
వెయ్యలేదు.
ఉప్పేస్తే ఆవేశాలొస్తయి,
ఆవేశాలొస్తే దూరం నుంచే గుంజుకునుడు, నూకుకునుడు,
ప్రతి పూసకూ ప్రతి పూసతోని లెక్క.
తొమ్మిది రాత్రులు ముప్పై అవుతయి.
"రివ్యూల అడిగితే చూద్దాం" అన్నడు గైడు.
అడిగింది కుర్మమ్మ.
వేసిన.

ఒక మాట ఆమెకు చెప్పలేదు.
నా డబ్బాకు గోడలు లేవు.
కుడి దిక్కు నుంచి పోయిన పూస
అదే వేగంతోని ఎడమ దిక్కు నుంచి లోపలికొస్తది.
కిందికి పోయింది మీది నుంచి దిగుతది.
ఎవ్వరూ తక్కువ కారు.
పన్నెండు వేలంటే ఎప్పటికీ పన్నెండు వేలే.
చిన్న డబ్బాను పెద్ద లోకం అనిపించే ఉపాయం ఇది,
పుస్తకంల మొదటి అధ్యాయంలనే నేర్పిస్తరు.

మొన్న, పగులును సరిగ్గ చూద్దామని
ఆ షరతు తీసేసిన.
పగలాలంటే అంచు ఉండాలె గద.
పొద్దున పోయి చూస్తే మెషిను ఆగి ఉన్నది,
తెరమీద ఒక్క వరుస:
కణాలు తప్పిపోయినయి.
మొదట 12000, ఇప్పుడు 11643.

రొట్టెలకాడ ఊకనే చెప్పిన, తమాషాగ.
చేతులు ఆగినయి.
బొంబాయిల తట్టలు మోసి వచ్చి
రేకుల గుడిసెల ముందట, మూడు రాళ్ల మీద
పదకొండేండ్లు ఇదే పిండి కొట్టిన చేతులు.
"ఎందరు?"
ఎన్ని అనలేదు, ఎందరు అన్నది.
మూడు వందల యాభై ఏడు.
"ఏ దిక్కు పోయిన్రో రాసుకుంటదా నీ మిషిను?"
రాసుకోదు. లెక్క తప్పిందని మాత్రం చెప్తది.
"గదన్న చెప్తది, నయమే" అన్నది.

వెనక ఒకాయన తొందరపెడుతున్నడు, బస్సు ఉన్నదట.
పీట మీది రొట్టెకు అంచున సన్న పగులు.
వేలు తడి చేసి అద్దింది.
మూసుకున్నది.

ఎంత తడో
రేపు అడగాలె.